తమలపాకు తీగకు మూరెడు ఎడం

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ వాళ్ళలో ఒకడు, "మూరెడు ఎడం పద్ధతి కనిపెట్టింది తమరేనటగదండీ" అన్నాడు. శిక్షణలో ఇప్పటికీ ఆ కథ చెబుతున్నారట. అబ్బే, నేను కాదన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎంత అణకువ అనుకున్నారు. నా తంటా అంతా అక్కడే ఉంది. ఈ సంగతిలో నేను కాదన్న కొద్దీ నా గౌరవం పెరుగుతోంది.

యాభై అయిదేళ్ళు నిండగానే ప్రభుత్వం నన్ను ఇంటికి పంపింది. కళ్ళూ కాళ్ళూ బాగానే ఉన్నాయి, చేతిలో పనిలేదు. కాబట్టి ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి అవి పెద్దగా లేవు కూడా.

మా ఉద్యోగం

పేరు వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు. కోనసీమలో ఆ మాట ఎవరి నోటా తిన్నగా పలికేది కాదు. మమ్మల్ని పంటల మేష్టారు అనేవారు. సైకిలెక్కి గట్ల మీద పోవడం, రేవు దగ్గర సైకిలును పడవలోకి ఎత్తించడం, అవతలి ఊళ్ళో రైతుకు ఫలానా విత్తనం వెయ్యమనీ ఫలానా ఎరువు చల్లమనీ చెప్పడం, ఇదీ పని. రైతు "ఆయ్, అలాగేనండి" అంటాడు. ఆ మాటకు ఒప్పుకున్నానని అర్థం అనుకుని కొత్తలో నేను సంతోషంగా ఇంటికి వెళ్ళేవాణ్ణి. మీరు మాట్లాడడం అయిందని తనకు తెలిసిందని మాత్రమే ఆ మాటకు అర్థం. ఇది గ్రహించడానికి నాకు రెండు పంటలు పట్టాయి.

యుద్ధం ముగిసిన కాలంలో నన్ను తమలపాకు తోటల మీద వేశారు. ఆకుతోట మిగతా పంటల్లాంటిది కాదు. ముందు అవిశ గింజలు బారులుగా వేస్తారు. అవి మొలిచి కాస్త ఎదిగాక ఒక్కొక్క అవిశ మొదట్లో ఒక్కొక్క తీగ నాటుతారు. తీగకు ఊతమూ నీడా ఆ అవిశే. మావైపు అలవాటు ప్రకారం మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు ఎడం. ఆకుతోటను పూజగదిలా చూస్తారు. స్నానం చెయ్యకుండా, చెప్పులతో లోపలికి రానివ్వరు. నేను మాత్రం బూట్లతోనే వెళ్ళేవాణ్ణి. పాముల భయం సగం, ప్రభుత్వోద్యోగిననే దర్జా సగం.

ముత్యాలుగారి మూల

కొత్తపేట దగ్గర కాలవ పక్కన ముత్యాలుగారికి మంచి నల్లరేగడి చెక్కలో ఆకుతోట ఉండేది. నాకప్పుడు ఒక లెక్క బుర్రలో దూరింది. జానెడుకో తీగ ఉన్నచోట రెండు తీగలుంటే ఆకు రెట్టింపు అవుతుంది గదా! అదే ఆయనతో చెప్పాను.

ముత్యాలుగారు నోట్లో ఆకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకున్నారు. "నలుగురికి వండిన అన్నం ముందు ఎనమండుగురిని కూకోబెడితే అన్నం రెట్టింపవుద్దాండీ?" అన్నారు.

"తీగలు తినేవి కావండీ, కాసేవి" అన్నాను.

"అవునండోయ్, ఆ తేడా నాకు తెలీలేదు" అని, తోటలో ఒక మూల నాకు వదిలేశారు. నామీద నమ్మకం కలిగిందనుకున్నాను. పిల్లవాడు మారాం చేస్తుంటే చేతిలో బెల్లం ముక్క పెట్టినట్టు పెట్టారని తరవాత తెలిసింది.

మొదటి కోతల్లో ఆకు విరివిగా వచ్చింది. నేను ఊరంతా చెప్పుకున్నాను. ఆకు కొనే వర్తకుడు వచ్చి ఒకటి తీసి వెలుగుకు ఎదురుగా పట్టుకున్నాడు. "ఇందులోంచి మీ ఇల్లు కనపడతందండి ముత్యాలుగారూ! ఇది సున్నం రాసుకోడానికా, చిల్లు పడకుండా చూసుకోడానికా?" అన్నాడు. చిన్న ఆకు, పలచటి ఆకు, కారం లేని ఆకు. ఆ తరవాత వానలు పట్టుకున్నాయి. అంత ఒత్తుగా ఉన్నచోట గాలి ఆడలేదు, మొదళ్ళ దగ్గర నీరు ఆరలేదు. తీగలు కుళ్ళడం మొదలుపెట్టాయి. ముత్యాలుగారు కుళ్ళినవాటిని అవిశలతో సహా పీకించి గట్టు అవతల పారేయించారు. మా మూలలో మిగిలినవి దూరదూరంగా, ఇంచుమించు మూరెడు ఎడంలో ఉన్నాయి.

మరుసటి ఏడు ఆ మిగిలిన తీగలు చూడాలి! బలమైన నేల, కావలసినంత గాలి, పక్కన పోటీ లేదు. ఆకు అరచెయ్యంత, ముదురుపచ్చన, నమిలితే చెవులు వేడెక్కేటంత ఘాటు. సరిగ్గా అప్పుడే మా పై ఆఫీసరుగారు తనిఖీకి వచ్చారు. ఆయన ఆకు నమలడంలో గట్టివారు. ఒకటి నమిలి కళ్ళు మూసుకున్నారు.

"ఎంత ఎడం?" అన్నారు.

"మూరెడండి."

"ఎవరు నాటించారు?"

"నేనేనండి."

విడివిడిగా రెండు మాటలూ నిజమే. కలిపి చెబితే అబద్ధం. ఆయన నా భుజం తట్టి, ఈ పద్ధతి కోనసీమ అంతా పాకాలన్నారు. ఆయన జీపు మలుపు తిరిగాక ముత్యాలుగారు నా పక్కన నిలబడి, "చచ్చిన తీగల సంగతి చెప్పలేదేవండి?" అన్నారు.

"అడగలేదు గదండీ."

"మరేనండి, పాపం అడగలేదు" అంటూ ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నేనూ నవ్వాను. అప్పటికి అది నవ్వులాటగానే ఉంది.

సత్తెయ్య తాడు

రాజోలు దాటి సముద్రం వైపు పోతే నేల ఇసుకబారుతుంది. అక్కడ ఒక ఊళ్ళో సత్తెయ్య అనే రైతు ఉండేవాడు. నాకంటే కొంచెం పెద్ద. ఆకుతోట ఆయన సేద్యం, కొలత ఆయన పరువు. అన్నదమ్ములు పంచుకున్నా, కొబ్బరిచెట్టు ఎవరి హద్దులో ఉందని తగువు వచ్చినా ఆయన్నే పిలిచేవారు. ఆయన తన కొబ్బరిపీచు తాడు పట్టుకుని వచ్చి కొలిచాడంటే మళ్ళీ ఎవరూ నోరెత్తేవారు కారు. పైసా పుచ్చుకునేవాడు కాదు. ఇంటికి పిలిచి పీట వేస్తే చాలు.

మూరెడు ఎడం గురించి చెబితే ఆయన నేలమీద ఇసుక చేత్తో తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. "మా నేల్లో తీగ అంత ఎదగదండి మేష్టారూ. ఎడం పెడితే ఆ ఎడాన్ని నింపాలి గదండి. నింపలేకపోతే ఎండ దూరుద్ది, సముద్రంగాలి దూరుద్ది" అన్నాడు.

"కొత్తపేటలో చూశాం గదండీ" అన్నాను. చూసింది ఏమిటో చెప్పలేదు.

"సర్లెండి. మీరింత దూరం వచ్చి చెప్పేక కాదంటే బాగోదు. చేత్తే మాత్రం తిన్నగా చెయ్యాలి" అన్నాడు.

తిన్నగానే చేశాడు. మంచు ఆరిందాకా తాడు బయటికి తీసేవాడు కాదు. తడిస్తే పీచుతాడు పొడుగు మారుతుందని ఆయనకు తెలుసు. రెండు బారులకు రెండోకొస నేనే పట్టుకున్నాను. నా దగ్గర ప్రభుత్వం ఇచ్చిన ఇనప టేపు ఉంటే దానితోనూ కొలిచి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. సత్తెయ్య తృప్తిగా తల ఊపి, "మీ టేపు బాగానే ఉందండి, వాడుకోవచ్చు" అన్నాడు.

బూట్ల గొడవ

ఎండాకాలం వచ్చింది. తీగలు అవిశలు పట్టుకుని సగం దాకా పాకి ఆగిపోయాయి. పలచగా ఉన్న అవిశల మధ్య నుంచి ఎండ నేలదాకా దిగింది. పడమటి గాలి తోటలో ఒక పక్కన దూరి రెండో పక్కన బయటపడేది. ఆకు అంచులు మాడాయి, తరవాత ఆకులు, ఆ తరవాత తీగలు.

కబురందుకుని వెళ్ళేసరికి తోటలో ఊరు సగం ఉంది. సత్తెయ్య బావమరిది రాముడు ముందు నిలబడ్డాడు. మాట పడేవాడు కాదు, ఊరుకునేవాడు అంతకన్నా కాదు. "మా బావ తోటకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా అవలేదండి. బూట్లతో ఆకుతోటలో తిరిగితే ఏటవుద్దండి? ఇదిగో, ఇదే అవుద్దండి" అన్నాడు. అందరూ నా కాళ్ళవైపు చూశారు. ఒక ముసలాయన చూసి కళ్ళు కూడా మూసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కాలేజీలో చదివిన నన్ను, బూట్లకు తీగలు చచ్చిపోతాయని అంటారా? ఆ మూఢత్వం అక్కడికక్కడే తుంచెయ్యాలనుకున్నాను. దానికి బదులుగా చెప్పడానికి ఒక కారణం కావాలి. అసలు కారణం నేను. అది చెప్పే దమ్ము లేదు. నోటికొచ్చింది అనేశాను: "బూట్లూ కాదు, చెప్పులూ కాదు. కొలతలో తేడా వచ్చింది. పీచుతాడు తడిసి సాగింది. మూరెడు అనుకున్నది మూరెడు కాలేదు, ఎక్కువైపోయింది."

సత్తెయ్య నన్ను చూశాడు. రెండోకొస పట్టుకున్నది మీరే గదా అని ఆయన ఒక్కమాట అంటే నా పని అయిపోయేది. అనలేదు. తన తోటకు వచ్చిన మనిషిని పదిమందిలో చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకున్నాడని నా ఊహ. నేను మాత్రం ఆయన తోటలో నిలబడే ఆయన్ని చిన్నబుచ్చాను.

పై ఆఫీసరుగారికి ఈ మాట తెగ నచ్చింది. పద్ధతి మంచిదే, తాడు చెడ్డదని మీటింగుల్లో చెప్పేవారు.

ఆ తరవాత నేను మరో ఫిర్కాకు, అంటే వేరే ఊళ్ళ మీదికి, మారాను. మళ్ళీ కొబ్బరి పురుగు పనిమీద ఆ ఊరు వెళ్ళేసరికి రెండేళ్ళు దాటింది. రేవు దగ్గర రాముడు ఎదురయ్యాడు.

"మీ బావగారు ఎలా ఉన్నారండీ?" అన్నాను.

"తడితాడు సత్తెయ్యా? ఉన్నాడండి" అన్నాడు.

పేరు పెట్టేశారు. ఊళ్ళో ఆరోజే ఎవరో అన్నదమ్ములు స్థలం పంచుకుంటున్నారు. కొలవడానికి మామిడికుదురు నుంచి ఒక మనిషి వచ్చాడు. సత్తెయ్య ఇల్లు ఆ స్థలానికి ఎదురుగానే ఉంది. ఆయన అరుగుమీద కూర్చుని, ఆ కొత్తమనిషి కొలుస్తుంటే కన్ను ఆర్పకుండా చూస్తున్నాడు. నన్ను చూసి లేచి, "రండి మేష్టారూ. ఆయన ఎలా కొలుత్తున్నాడో చూడండి, మన టేపు బెంగెట్టుకునేలా ఉంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మంచినీళ్ళు తెప్పించాడు. ఆ నీళ్ళు తాగడం నాకు కష్టమైంది.

పెద్దమనసు

ఆ సాయంత్రమే కాఫీహోటలు దగ్గర నలుగురూ పోగైనచోట నిలబడి చెప్పేశాను. సత్తెయ్యగారి కొలత తప్పు కాదు, నా టేపుతో సరిచూశాను, ఈ నేలకు మూరెడు ఎడం పనికిరాదు, తప్పు నాది అని. చెప్పి చెమట తుడుచుకున్నాను.

ఒక పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. "ఎంత పెద్దమనసండీ బాబూ! ఒకడి పరువు కోసం తప్పు తమమీద వేసుకున్నారు. ఈ రోజుల్లో ఎవరు చేత్తారండీ!" అన్నాడు.

"కాదండీ, నిజంగానే..." అన్నాను.

"ఆయ్, ఆయ్, మాకు తెల్దాండీ" అన్నారందరూ. హోటలు ఆయన కాఫీకి డబ్బులు కూడా పుచ్చుకోలేదు.

సత్తెయ్య దగ్గరికి వెళ్ళేసరికి ఆ కబురు నాకంటే ముందే చేరింది. "బావుందండి మేష్టారూ" అన్నాడు. "పొద్దుటిదాకా కొలత రానోణ్ణి. ఇప్పుడు కొలతా రాదు, ఆపైన ఆఫీసర్లు జాలిపడే మనిషిని కూడాను. ఇంకో రెండు మంచిమాటలు చెప్పి ఎల్లండి, ఊరొదిలి పోతాను."

పక్కనే ఉన్న రాముడు, "మనిషి చెప్తే మొగమాటానికి చెప్పేడంటారండి. తోట చెప్పాలండి" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నాకది ఉపాయంలా వినబడింది.

ఎండబెట్టి చూపించడం

సత్తెయ్య దారిపక్కన ఒక చిన్న నేలచెక్క ఇచ్చాడు. అదే ఇసుక, అదే గాలి. ఒకసారి నష్టపోయిన మనిషి, సగం ఎండిపోతుందని తెలిసీ మళ్ళీ ఇచ్చాడు. సగంలో మూరెడు ఎడం, సగంలో జానెడు ఎడం. తాడు సంగతి ఎవరూ ఎత్తకుండా ఇనప టేపుతో నేనే కొలిచాను. బూట్ల సంగతి ఎత్తకుండా పొద్దున్నే కాలవలో మునిగి వట్టికాళ్ళతో దిగాను. దారినపోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవారు. "మేష్టారికి రేవులో బూట్లు పోయేయంట" అని ఒకడు. "కాదెహె, మొక్కుకున్నారంట" అని ఇంకొకడు. సెలవు దొరికినప్పుడల్లా పడవెక్కి వచ్చి కావిడితో నీళ్ళు పోసేవాణ్ణి. రెండు సగాలకూ సమానంగా పోస్తున్నానా లేదా అని రాముడు గట్టుమీద కూర్చుని కాపలా కాసేవాడు.

పై ఆఫీసరుగారు కబురు పెట్టి పిలిపించారు. "మన శాఖలో పంట పండించి చూపించినవాళ్ళున్నారు. ఎండబెట్టి చూపించేవాణ్ణి నిన్నే చూశాను" అన్నారు. తిట్టారనే అనుకున్నాను. నా ఉద్యోగంలో నాకు దక్కిన సరైన సర్టిఫికెట్టు అదేనని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన మాత్రం చివరిదాకా మూరెడు ఎడాన్ని వదలలేదు. అందుకే అది మీ శిక్షణలో ఇంకా బతికి ఉంది.

కుర్రాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఎడం అనేది అంకె కాదు. బలమైన నేలలో ఒక్కొక్క తీగ బాగా విస్తరిస్తుంది, దానికి చోటు కావాలి. ఒత్తుగా పెడితే ఆకులు ఎక్కువ, ఆకులో సరుకు తక్కువ, వానకు కుళ్ళు. పేదనేలలో తీగ చిన్నది. అక్కడ దగ్గరదగ్గరగా ఉంటేనే ఒకదాని నీడ ఇంకోదానికి. మితిమీరితే అక్కడా చెడుతుంది. కాబట్టి ఏ ఊరికి వెళ్ళినా ముందు చేతిలోకి ఇసుకో మట్టో తీసుకోండి. ఒక తోటలో కుదిరిన కొలతను ఇంకో తోటకు మోసుకుపోవడం ఒక ఇంటి చొక్కాను ఇంకో ఇంటి పిల్లాడికి తొడగడం లాంటిది. మన శాఖలో సగంమంది ఆఫీసర్లు చేసేది ఆ పనే. పట్టకపోతే పిల్లాణ్ణి తిడతారు.

ఎండాకాలం వచ్చింది. జానెడు ఎడం ఉన్న సగం పచ్చగా నిలబడింది. ఆకు ముత్యాలుగారి ఆకంత పెద్దది కాదు, కాని దళసరి, మంచి ఘాటు. మూరెడు ఎడం ఉన్న సగం ఊరందరి కళ్ళముందు, దారిపక్కన, రోజుకింత మాడింది. నా ఉద్యోగంలో ఒక తోట ఎండిపోవాలని కోరుకున్నది ఆ ఒక్కసారే. అయినా ఒక్కొక్క తీగ వాలిపోతుంటే బాధగానే ఉండేది.

ఒకరోజు పొద్దున రాముడు వచ్చాడు. చెప్పులు గట్టుమీద వదిలి లోపలికి దిగి, ఎండిన తీగల మధ్య ఎడాన్ని తన చేత్తో మోచేతి నుంచి వేలికొస దాకా ఆనించి చూశాడు. ఒకచోట, ఇంకోచోట. చేతులు దులుపుకున్నాడు. సత్తెయ్య జానెడు ఎడం పక్కన ఆకు కోస్తున్నాడు.

"బావా" అన్నాడు రాముడు.

"ఏటి?"

"మా పెదనాన్న కొడుక్కీ నాకూ కొబ్బరితోట హద్దు తేలట్లేదు. నువ్వో పాలి రావాలి."

"మామిడికుదురాయన ఉన్నాడు గదరా."

"ఆయన కొలిత్తే రెండుసార్లు రెండు రకాలుగా వచ్చిందెహె. రా బావా, బతిమాలించుకోకు. ఎండెక్కిపోతంది."

సత్తెయ్య కోసిన ఆకును తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. కాలవలో చేతులు కడుక్కున్నాడు. కంగారేమీ పడలేదు. బావమరిదిని కాస్త నిలబెట్టే హక్కు ఆయనకు ఉంది, ఆ హక్కు పూర్తిగా వాడుకున్నాడు. తరవాత, "ఆయ్, పద" అన్నాడు.

ఇద్దరూ గట్టెక్కారు. నాలుగడుగులు వేసి సత్తెయ్య వెనక్కి తిరిగాడు.

"మేష్టారూ, ఆ మూరెడు పక్కన ఇంకా ఒకటో రెండో తీగలకి ప్రాణం ఉందండి. ఊరికి తెలియాల్సింది తెలిసింది గదా. పాపం వాటికి ఇంకెందుకండీ శిక్ష? అడ్డంగా తాటాకు కట్టి నీళ్ళు పొయ్యండి."

కావిడి భుజానికెత్తుకుని కాలవలోకి దిగాను.